అంబులెన్స్ కంటే ముందు ఐస్ నీళ్ల టబ్బు కావాలి: ఎండలో పోటీలు పెట్టేవారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పోటీల నిర్వాహకులకు, క్రీడా సంఘాల బాధ్యులకు, స్కూళ్లలో కాలేజీల్లో ఆటలు నేర్పే వ్యాయామ ఉపాధ్యాయులకు, కోచ్‌లకు,

నమస్కారం. పిల్లల్ని, పెద్దల్ని మైదానానికి రప్పించడానికి మీరు పడే శ్రమ నాకు తెలుసు. నేనూ పదేళ్లకు పైగా పరుగు పందేల్లో ఫినిష్ లైన్ దగ్గర వాలంటీరుగా నిలబడుతున్నాను, సాయంత్రాలు కుర్రాళ్లకు పరుగు నేర్పుతున్నాను. అందుకే ఎండలో వడదెబ్బ తగిలి పడిపోయినవాళ్లను అక్కడికక్కడే ఐస్ నీళ్లలో ముంచి చల్లబరచాలన్న విషయం మొదట మీకే చెప్పాను. రెండు ఉత్తరాలు రాశాను. ఒక మెయిల్ పంపాను. ఒకసారి ఆఫీసుకు వచ్చి గంటన్నర కూర్చున్నాను. "అంబులెన్స్ పెట్టాం కదండీ" అన్న ఒక్క మాట తప్ప జవాబు రాలేదు. ఆ మాట ఎందుకు సరిపోదో అందరి ముందూ చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

పోయిన వేసవిలో ఒక పది కిలోమీటర్ల పరుగు జరిగింది. ఎవరు పెట్టారన్నది ఇక్కడ రాయను, ఎందుకంటే అదే తప్పు దాదాపు ప్రతి పోటీలోనూ జరుగుతోంది. ఉదయం ఆరింటికి మొదలవ్వాల్సిన పరుగు ఏడుంపావుకి మొదలైంది. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. గాలి కదలడం లేదు, ఒకటే ఉక్క. గంట తర్వాత ఇరవై ఏళ్ల కుర్రాడు ఒకడు గీత దాటాడు. పక్కకు నడిచి బారికేడ్ పట్టుకున్నాడు, వదిలేశాడు, మళ్లీ పట్టుకున్నాడు. "నీ నంబరెంత నాన్నా?" అని అడిగితే ఛాతీ మీదున్న నంబరు కాకుండా వేరేదేదో చెప్పాడు. నీళ్ల సీసా అందిస్తే విసిరికొట్టాడు. ఒళ్లంతా చెమటతో తడిసే ఉంది, చెయ్యి వేస్తే మాత్రం కాలిపోతోంది. రెండు నిమిషాల్లో కూలబడ్డాడు.

నీడలోకి లాగాం. ఎవరో నుదుటి దగ్గర థర్మామీటరు పెట్టి చూశారు, 37.8 చూపించింది. "జ్వరం పెద్దగా లేదు, నీరసం అంతే" అన్నారు. తల మీద కాసిని నీళ్లు చల్లాం. అంబులెన్స్ రూటుకు అవతలి పక్కన ఉంది. జనాన్ని తప్పించుకుని మా దగ్గరికి రావడానికి పావుగంట పట్టింది, ఆసుపత్రి చేరడానికి ఇంకో పాతిక నిమిషాలు. అక్కడ లోపలి ఉష్ణోగ్రత చూస్తే 41.2. నలభై నిమిషాలు గడిచాక కూడా అంత ఉంది. అంటే మా చేతుల్లో ఉన్నప్పుడు ఇంకా ఎక్కువే ఉండి ఉంటుంది.

కుర్రాడు బతికాడు. మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. కండరాలు దెబ్బతిని, వాటిలోంచి వచ్చిన పదార్థం మూత్రపిండాలకు అడ్డుపడింది. మూత్రం ముదురు టీ రంగులో వచ్చేదట. నాలుగుసార్లు డయాలసిస్ చేశారు. చూడటానికి వెళ్లినప్పుడు వాళ్లమ్మ నన్నొక ప్రశ్న అడిగింది: "అక్కడ ఐస్ ఏమీ లేదా అన్నయ్యా?"

ఉంది. వేదిక పక్కన రెండు పెద్ద పెట్టెల నిండా ఉంది, కూల్‌డ్రింకుల కోసం తెచ్చి పెట్టింది. మేం అతన్ని పడుకోబెట్టిన చోటికి నలభై అడుగుల దూరం. మాలో ఒక్కరికీ ఆ పెట్టెలు ఎత్తుకొచ్చి అతని మీద కుమ్మరించాలని తట్టలేదు. తట్టకపోవడానికి కారణం ఒక్కటే. అలా చేయాలని మాకెవరూ ఎప్పుడూ చెప్పలేదు, దానికి కావలసినవి ఎవరూ సిద్ధంగా ఉంచలేదు. ఆవిడకు నిజమే చెప్పాను. ఆ రోజు నుంచి దీని గురించి చదవడం, డాక్టర్లను అడగడం మొదలుపెట్టాను. తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాను.

1. పరుగు ఆగినా వేడి ఆగదు. పరుగెత్తేటప్పుడు ఖర్చయ్యే శక్తిలో కదలికగా మారేది సుమారు నాలుగో వంతే. మిగతాదంతా ఒంట్లో వేడిగా మిగులుతుంది. ఆ వేడిని రక్తం చర్మం దాకా మోసుకొస్తుంది, చెమట బయటికి పంపుతుంది. మనిషి ఆగిన కాసేపటికే చర్మానికి వెళ్లే రక్తమూ తగ్గుతుంది, చెమటా తగ్గుతుంది. లోపలి వేడి మాత్రం అంత త్వరగా దిగదు. ఏ జబ్బూ లేని మనిషికి కూడా గట్టిగా వ్యాయామం చేశాక గంట దాటినా అర డిగ్రీ వరకు ఎక్కువగానే ఉండిపోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. పరుగెత్తుతున్నంతసేపూ కాళ్ల కండరాలు రక్తాన్ని పైకి నెడుతుంటాయి. ఉన్నట్టుండి నిలబడిపోతే రక్తం కాళ్లలోనే నిలిచిపోయి కళ్లు తిరుగుతాయి. గీత దాటాక పడిపోయేవాళ్లలో చాలామంది ఇలా పడేవాళ్లే. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెడితే కొద్ది నిమిషాల్లో తేరుకుని కూర్చుంటారు. తేరుకోకుండా పొంతన లేని మాటలు మాట్లాడేవాళ్ల సంగతి వేరు. ఇద్దరికీ తేడా గుర్తుపట్టే మనిషి గీత దగ్గర ఉండాలి. ఇప్పుడు మనం అక్కడ పెడుతున్నది మెడల్స్ బల్ల, ఫొటోల బ్యానరు, ఎండలో పొడవాటి వరస.

2. చెమట కారితే చాలదు, ఆరాలి. ఒక లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడిని పట్టుకుపోతుంది. ధారగా కారి నేల మీద పడిన చెమట వల్ల ఆ మేలు లేదు. కాబట్టి గాలిలో తేమ నిండిన 32 డిగ్రీల రోజు, పొడిగా ఉన్న 38 డిగ్రీల రోజు కంటే ప్రమాదం కావచ్చు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో పోర్చుగల్ రన్నర్ ఫ్రాన్సిస్కో లాజరో ఎండ తగలకుండా ఒంటికి మైనం పూసుకున్నాడని చెబుతారు. దారిలోనే కూలిపోయి మర్నాడు చనిపోయాడు. ఉక్కపోత రోజున చెమట ఆరే దారి మూసుకుపోయిన మనిషి పరిస్థితీ అంతే. ఈ ప్రమాదాన్ని కొలవడానికే 1950ల్లో అమెరికా మెరైన్ సైనికుల శిక్షణ కోసం డబ్ల్యూబీజీటీ (వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్) అనే కొలత తయారుచేశారు. తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు రీడింగుకు అందులో 70 శాతం వాటా, ఎండలో పెట్టిన నల్ల గోళం లోపలి థర్మామీటరుకు 20 శాతం, మామూలు గాలి ఉష్ణోగ్రతకు 10 శాతం. మీలో చాలామంది ఫోనులో వాతావరణం చూసి "ఫర్వాలేదు, 32 డిగ్రీలే" అంటున్నారే, అది ఈ లెక్కలో పదో వంతు మాత్రమే.

3. వడదెబ్బకు గడువు ఉంది. లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, దానితోపాటు మనిషి తీరు మారితే, అంటే తికమక, కోపం, తూలడం, ఫిట్స్, స్పృహ తప్పడం లాంటివి కనిపిస్తే, అది శ్రమ వల్ల తగిలిన వడదెబ్బ. ఒళ్లు పొడిబారితేనే వడదెబ్బ అని మనలో ఒక నమ్మకం ఉంది. ఆటగాళ్ల విషయంలో అది తప్పు, వాళ్ల ఒళ్లు చాలాసార్లు చెమటతో తడిసే ఉంటుంది. పడిపోయిన 30 నిమిషాల లోపు 39 డిగ్రీల దగ్గరికి దింపాలన్నది క్రీడా వైద్యుల మాట. ఆలస్యమైన కొద్దీ మెదడు, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఇక్కడ రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టి చూడండి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో ఏటా ఆగస్టులో ఫాల్మత్ రోడ్ రేస్ అని 11 కిలోమీటర్ల పరుగు జరుగుతుంది. ఎండా ఉంటుంది, తేమా ఉంటుంది. వాళ్ల 18 ఏళ్ల రికార్డుల్లో వడదెబ్బ తగిలినవాళ్లు 274 మంది. గీత పక్కనే టబ్బుల్లో ఐస్ నీళ్లు సిద్ధంగా ఉంచి, పడిన మనిషిని పడినట్టే తెచ్చి ముంచారు. 274 మందీ బతికారు. రెండోది 2018లో అమెరికాలోనే మేరీలాండ్ యూనివర్సిటీలో జరిగింది. జోర్డాన్ మెక్‌నెయిర్ అనే 19 ఏళ్ల అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ప్రాక్టీసులో కుప్పకూలాడు. చల్లటి నీళ్లలో ముంచలేదు. రెండు వారాల తర్వాత చనిపోయాడు. శిక్షణ సిబ్బంది చేసిన తప్పులకు చట్టపరంగా, నైతికంగా బాధ్యత తమదేనని యూనివర్సిటీ అధ్యక్షుడు బహిరంగంగా ఒప్పుకున్నాడు. డబ్బుకు, వసతులకు లోటు లేని చోట కూడా ఆ నీళ్లు అందక ఒక ప్రాణం పోయింది.

4. నుదుటి మీద, చంకలో, చెవిలో, నోట్లో పెట్టే థర్మామీటర్లను ఎండలో ఆడి వచ్చిన మనిషి దగ్గర నమ్మకూడదు. చెమట, గాలి, చల్లిన నీళ్లు పైపై రీడింగును దించేస్తాయి. మైదానంలో నమ్మదగినది మలద్వారంలో పెట్టి చూసే కొలతే. చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉంటుంది, నిజమే. కానీ 37.8 అన్న ఆ అంకె చూసి మేం ధీమా పడ్డాం. ఆ ధీమా ఖరీదు నాలుగు డయాలసిస్‌లు.

5. అన్ని చల్లబరచడాలూ ఒక్కటి కాదు. నీడలో పడుకోబెట్టి ఊరుకుంటే పది నిమిషాలకు అర డిగ్రీ దిగడం గగనం. మెడ, చంకలు, గజ్జల్లో ఐస్ ప్యాకులు పెట్టడం చాలా చోట్ల చూస్తుంటాం. దానితో వచ్చే లాభం కూడా కొంచెమే, ఎందుకంటే ఐస్ తాకే చోటు మరీ తక్కువ. మెడ దాకా ఐస్ నీళ్లలో ముంచి, ఆ నీళ్లను చేత్తో కలుపుతూ ఉంటే మూడు నుంచి ఐదు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున దిగుతుంది. గాలి కంటే నీరు వేడిని సుమారు 25 రెట్లు త్వరగా లాగుతుంది కాబట్టి ఇంత తేడా. 42 డిగ్రీల మనిషిని 39కి తేవడానికి పది పదిహేను నిమిషాలు చాలు. మా దగ్గరికి అంబులెన్స్ రావడానికి పట్టిన సమయం అదే.

టబ్బు లేకపోతే టార్పాలిన్ ఉన్నా చాలు. మనిషిని దాని మీద పడుకోబెట్టి, నలుగురైదుగురు అంచులు పైకెత్తి పట్టుకుని, నూరు నూటయాభై లీటర్ల నీళ్లు, ఐస్ పోసి అటూ ఇటూ ఊపాలి. వేగం టబ్బు కంటే కొంచెం తక్కువే అయినా ప్రాణం నిలబెడుతుంది. అదీ లేకపోతే ఐస్ నీళ్లలో నానబెట్టిన తువ్వాళ్లు ఒళ్లంతా కప్పి, రెండు మూడు నిమిషాలకోసారి మారుస్తూ, పైనుంచి నీళ్లు పోస్తూ ఉండాలి.

"అంత వేడెక్కిన మనిషిని ఐస్ నీళ్లలో వేస్తే గుండె ఆగిపోదా? వణుకు పుట్టి ఇంకా వేడెక్కడా?" అని మీలో ఒకరు నన్నడిగారు. మంచి ప్రశ్న, నేనూ ఒకప్పుడు అలాగే భయపడ్డాను. చర్మం దగ్గరి రక్తనాళాలు ముడుచుకోవడం నిజం, కొందరు వణకడమూ నిజం. అయినా చల్లటి నీళ్లు లాగేసే వేడి ముందు అవి లెక్కలోకి రావు. 2 డిగ్రీల నీళ్లు 8, 14, 20 డిగ్రీల నీళ్ల కంటే త్వరగా చల్లబరిచాయని ప్రయోగాల్లో తేలింది. ఫాల్మత్‌లో ముంచింది కూడా ఐస్ కలిపిన చల్లటి నీళ్లలోనే. జాగ్రత్త పడాల్సింది ఎక్కడ ఆపాలన్న దగ్గర. బయటికి తీశాక కూడా కాసేపు వేడి దిగుతూనే ఉంటుంది కాబట్టి 39 డిగ్రీల దగ్గరికి రాగానే తీసేయాలి.

6. తాగించే నీళ్లు ఈ వేడిని దించలేవు. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. దాహానికి మించి తాగడమూ ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన రన్నర్లలో 13 శాతం మందికి రక్తంలో సోడియం, అంటే ఉప్పు, తగ్గిపోయి ఉంది. మరీ ఎక్కువ నీళ్లు తాగితే రక్తం పలచబడి ఇలా అవుతుంది. తూలడం, తికమక, వాంతులు దానిలోనూ కనిపిస్తాయి. చూపుతో తేడా చెప్పలేం, అందుకే లోపలి ఉష్ణోగ్రత చూడాలంటున్నాను. ఇంకొకటి, జ్వరం బిళ్ల వేయకండి. జ్వరంలో ఒళ్లే తన వేడిని పెంచుకుంటుంది, బిళ్ల దాన్ని దించుతుంది. ఇక్కడ వేడి కండరాల నుంచి వచ్చింది, దాని మీద బిళ్ల పనిచేయదు సరికదా కాలేయానికి, మూత్రపిండాలకు అదనపు భారం.

ఇదంతా ప్రాణం మీదికి వచ్చినప్పటి మాట. ఏ వార్తలోనూ రాకుండా రోజూ జరిగేది ఇంకొకటుంది. స్కూలు టోర్నమెంట్లలో ఒకే జట్టు ఒకే రోజు రెండు మూడు మ్యాచ్‌లు ఆడుతోంది. మొదటి మ్యాచ్ వేడి దిగకుండానే పిల్లలు రెండోది మొదలుపెడుతున్నారు. మధ్యలో చల్లబరిస్తే రెండో మ్యాచ్ బాగా ఆడగలరు, ప్రమాదమూ తగ్గుతుంది. దీనికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. బక్కెట్లలో చల్లటి నీళ్లు పెట్టి, మోచేతుల దాకా చేతులు పావుగంట ముంచి కూర్చోమంటే చాలు. అరచేతులు, ముంజేతుల గుండా చాలా రక్తం పారుతుంది కాబట్టి ఒంట్లో వేడి ఆ దారిన పోతుంది. మంటలార్పే సిబ్బంది విశ్రాంతి వేళల్లో ఇదే చేస్తారు. మెత్తగా దంచిన ఐస్ కలిపిన పానీయం కొంచెం కొంచెంగా తాగించవచ్చు. ఒక కిలో ఐస్ కరగడానికే 80 కిలోకేలరీల వేడి కావాలి, అది ఒంట్లోంచే తీసుకుంటుంది. మెడ మీద తడి తువ్వాలు, ఫ్యాను ముందు సన్నటి నీటి తుంపర కూడా మేలు చేస్తాయి. తేమ ఎక్కువున్న రోజు తుంపర ఆరదు కాబట్టి ఫ్యాను మీద మరీ ఆశ పెట్టుకోకండి. వసతి ఉన్నచోట 10 నుంచి 15 డిగ్రీల నీళ్లలో పది నిమిషాలు ముంచవచ్చు, ఆ తర్వాత మళ్లీ వార్మప్‌కు టైము ఇవ్వాలి. చల్లబడ్డ కండరాలతో వెంటనే స్ప్రింట్ చేయించకూడదు.

కోచ్‌లకు ఒక మాట. బరువులెత్తే శిక్షణ చేసిన ప్రతిసారీ చల్లటి నీళ్లలో దిగడం అలవాటు చేయకండి, కండ పెరగడాన్ని అది తగ్గిస్తుందని 2015లో వచ్చిన పరిశోధన చూపించింది. అలాగే మెంథాల్ స్ప్రేలు, జెల్‌లు చల్లగా అనిపిస్తాయి గానీ ఒంట్లో వేడిని తగ్గించవు. చల్లగా ఉందనుకుని పిల్లలు ఇంకా గట్టిగా పరుగెత్తుతారు. అది నాకు భయం.

పెద్ద ఆటగాళ్ల విషయంలో ప్రపంచం ఇప్పటికే మేలుకుంది. 2019లో దోహాలో ప్రపంచ అథ్లెటిక్స్ మహిళల మారథాన్‌ను అర్ధరాత్రి పెట్టినా 68 మందిలో 28 మంది పూర్తి చేయలేకపోయారు. టోక్యో ఒలింపిక్స్ మారథాన్‌ను ఎండ భయంతో జపాన్ ఉత్తరాన చల్లగా ఉండే సప్పొరోకు మార్చారు. 2014 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో డబ్ల్యూబీజీటీ 32 దాటితే ఆట మధ్యలో మూడేసి నిమిషాల విరామాలు ఇచ్చేలా నియమం పెట్టుకున్నారు. ఆ ఆటగాళ్ల వెంట డాక్టర్లుంటారు, ఐస్ ఉంటుంది, చల్లటి జాకెట్లుంటాయి. మన పోటీల్లో పరుగెత్తేది స్కూలు పిల్లలు, మొదటిసారి పది కిలోమీటర్లు ప్రయత్నించే ఉద్యోగులు, గృహిణులు, ఉద్యోగం కోసం దేహదారుఢ్య పరీక్షల్లో ప్రాణం పెట్టి పరుగెత్తే నిరుద్యోగులు. పరీక్షల్లో పరుగెత్తేవాళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కళ్లు తిరుగుతున్నా వాళ్లు ఆగరు, ఆగితే ఉద్యోగం పోతుందన్న టెన్షన్. ఇంట్లో సంపాదించే ఒక్క మనిషి మూడు వారాలు మంచాన పడితే ఆ ఇల్లు ఎలా నడుస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మా కుర్రాడి విషయంలో ఆ సంవత్సరం పరీక్షలు పోయాయి, వాళ్లమ్మ పని పోయింది. అతను మళ్లీ పరుగెత్తలేదు.

అందుకని వాలంటీర్లం, కోచ్‌లం, కొందరు తల్లిదండ్రులం కలిసి మిమ్మల్ని కోరుతున్నవి ఇవి:

1. ఎండలో జరిగే ప్రతి పోటీలో, శిక్షణలో, దేహదారుఢ్య పరీక్షలో ఒక మనిషి పట్టే టబ్బు ఉండాలి. మొదలవ్వకముందే సగం దాకా నీళ్లు నింపి, పక్కన ఐస్ పెట్టెలు ఉంచాలి. ఆ ఐస్‌ను వేరే దేనికీ తీయకూడదు. టబ్బు నీడలో ఉండాలి, ఫినిష్ లైన్ నుంచి మనిషిని మోసుకుని ఒక్క నిమిషంలో చేరేంత దగ్గర ఉండాలి. తల మునగకుండా చంకల కింది నుంచి పట్టుకోవడానికి ఒక పొడవాటి దుప్పటి ఉండాలి. పొడవాటి రూటైతే మధ్యలో ప్రతి వైద్య శిబిరం దగ్గరా కనీసం టార్పాలిన్, నీళ్లు, ఐస్ ఉండాలి.

2. "ముందు చల్లబరచడం, తర్వాత తరలించడం" అన్న మాట మీ నియమావళిలో రాతపూర్వకంగా చేరాలి. అంబులెన్స్ వారితో చేసుకునే ఒప్పందంలోనూ ఉండాలి. అంబులెన్స్‌కు వెంటనే ఫోన్ చేయండి, అది వచ్చేలోపు మనిషి నీళ్లలో ఉండాలి. వచ్చాక కూడా 39 డిగ్రీల దగ్గరికి దిగేదాకా డాక్టరు పర్యవేక్షణలో నీళ్లలోనే ఉంచాలి.

3. లోపలి ఉష్ణోగ్రత చూసే థర్మామీటరు, అది వాడటం వచ్చిన వైద్య సిబ్బంది, నాలుగు వైపులా తెర, అమ్మాయిలకు మహిళా సిబ్బంది ఉండాలి. థర్మామీటరు లేనిచోట అనుమానం వస్తే వడదెబ్బ అనుకునే మొదలుపెట్టాలి, పది పదిహేను నిమిషాలు చల్లబరిచి పంపాలి.

4. డబ్ల్యూబీజీటీ మీటరు కొనండి, రీడింగును బోర్డు మీద రాసి పెట్టండి. ఎంత దాటితే దూరం తగ్గిస్తారో, ఎంత దాటితే రద్దు చేస్తారో పోటీకి ముందే ప్రకటించండి. ఆ నిర్ణయం వైద్యాధికారి చేతిలో ఉండాలి, స్పాన్సర్ల చేతిలో కాదు. ప్రారంభ కార్యక్రమం ఆలస్యమైందని పరుగును ఎండలోకి జరపడం ఇకనైనా మానండి. ప్రసంగాలు పరుగు అయ్యాక కూడా ఇవ్వొచ్చు.

5. ఫినిష్ లైన్ దాటాక వంద అడుగుల దాకా నీడ, నడిచే దారి కావాలి. మెడల్ ఇచ్చే బల్ల ఆ నడక చివర, నీడలో పెట్టండి.

6. జట్టు ఆటల్లో ఎండ తీవ్రతను బట్టి తప్పనిసరి చల్లబరిచే విరామాలు ఉండాలి. విరామమంటే నీడ, చల్లటి తువ్వాళ్లు, తాగడానికి చల్లటివి. ఎండలో నిలబెట్టి వ్యూహం చెప్పడాన్ని విరామం అనరు. అంపైర్లు, రిఫరీలు, బంతులందించే పిల్లలు కూడా ఈ లెక్కలోకి రావాలి. ఒకే రోజు వరస మ్యాచ్‌లు ఉంటే మధ్య సమయాన్ని నిర్ణయించేటప్పుడు కోచ్‌లను అడగండి.

7. సీజన్ మొదట్లో మొదటి రోజే పూర్తి శిక్షణ పెట్టకండి. ఎండకు ఒళ్లు అలవాటుపడటానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. వడదెబ్బ తగిలి ఇంటికి వచ్చినవాళ్లను కనీసం వారం రోజులు ఏ వ్యాయామమూ చేయనివ్వకండి, ఆ తర్వాత కూడా డాక్టరు రాసిస్తేనే మెల్లగా మొదలుపెట్టించండి.

8. ప్రతి పోటీ తర్వాత ఎంతమంది పడిపోయారు, ఎన్ని నిమిషాల్లో చల్లబరిచారు, ఎవరిని ఆసుపత్రికి పంపారు అన్నది పేర్లు లేకుండా ప్రకటించండి. ఆ లెక్క ఇప్పుడు ఎక్కడా లేదు. మా కుర్రాడు పడిన రోజు నిర్వాహకుల ప్రకటనలో "పోటీ ప్రశాంతంగా ముగిసింది" అని ఉంది.

ఈ ఎనిమిదిలో అన్నీ ఒక్క రోజులో జరగవని నాకు తెలుసు. మీటరు కొనడానికి, సిబ్బందికి నేర్పడానికి సమయం పడుతుంది. మొదటి రెండింటికి మాత్రం సమయం అడగకండి. టబ్బు, నీళ్లు, ఐస్, ఒక దుప్పటి, ఒక కాగితం మీద రాసిన నియమం, ఇంతకు మించి వాటికి ఏమీ అక్కర్లేదు.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఏవి వెంటనే చేస్తారో, ఏవి ఎప్పటికి చేస్తారో, ఏవి చేయలేరో కారణంతో సహా రాయండి. జవాబు రాకపోతే టబ్బు లేని ఏ పోటీలోనూ మేం వాలంటీర్లుగా నిలబడం, మా దగ్గర నేర్చుకునే పిల్లల్ని పంపం. ఆ మాట వాళ్ల తల్లిదండ్రులకు ఇప్పటికే చెప్పాం.

జవాబు వస్తే వచ్చే పోటీకి తెల్లవారుజామున నాలుగింటికే వస్తాం. టబ్బు మోసేదీ, నీళ్లు నింపేదీ మేమే. టార్పాలిన్ ఎలా పట్టాలో మీ సిబ్బందికి చూపించడానికి ఆరుగురం ఇప్పటికే సాధన చేసి ఉన్నాం. ఎక్కడ పెట్టాలో ఆ చోటు మీరు చూపించండి.

ఇట్లు,
ఫినిష్ లైన్ దగ్గర నిలబడే ఒక వాలంటీరు, పరుగు కోచ్